మన పాటలు మన యొద్ద నున్నవా?

గడచిన వేసవి సెలవులలో మా యన్నగారి కుమార్తె మా యింటికి వచ్చియుండెను. ఒకనాటి మధ్యాహ్నము నా బల్లసొరుగులో కలము కొఱకు వెదకుచు ఒక చిన్న నల్లని పెట్టెను పైకి తీసి, “బాబాయీ, ఇదేమి?” అని యడిగెను. అది అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దది. ఒక మూల పగిలినందున దానికి రబ్బరు పట్టీ చుట్టియుంచితిని. పాటలు వినెడి ఎంపీ3 ప్లేయరని చెప్పితిని.

“దీనితో మాటలాడవచ్చునా?”

“వీలులేదు.”

“ఫొటోలు తీయునా?”

“తీయదు.”

“ఇంటర్నెట్టు?”

“రాదు.”

“మఱి యింకను ఏల దాచితిరి?”

ఆ పిల్ల పదవ తరగతి చదువుచున్నది. వేళాకోళమున కడిగినది కాదు. నిజముగా తెలియక యడిగినది. అప్పుడు నేను చెప్పిన సమాధానము రెండు ముక్కలే. పిదప నాలోచింపగా నా యభిప్రాయము కొంత పెరిగినది, కొంత మాఱినది. సంచిక కేదైన వ్రాయుమని సంపాదకులు గోరినందున దానినే యిచట వ్రాయుచున్నాను. గణితము చెప్పువాడు పాటలను గూర్చి వ్రాయుట యేమని విద్యార్థులు నవ్వుదురేమో! పాటలన్నియు సంఖ్యలుగా మాఱిన యీ కాలమున గణితోపాధ్యాయునకు ఆ మాత్రపు హక్కు కలదనుకొందును.

పాటను పెట్టెలో బంధించుట నేటి మాట కాదు. 1877లో ఎడిసన్ గొట్టము మీద ధ్వనిని గీతలుగా గీయించి మఱల వినిపించెను. పది సంవత్సరములకు బెర్లినర్ ఆ గొట్టమును విడిచి పళ్లెమును పట్టుకొనెను. 1902లో కలకత్తా నగరమున గౌహర్ జాన్ పాడిన పాటలు గ్రామఫోను రికార్డుల కెక్కినవి. ఆ రికార్డు ఒక ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకంటె నెక్కువ మ్రోగెడిది కాదు. పిమ్మట 1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్టు, 1979లో సోనీవారి వాక్‌మన్, 1982లో సీడీ వరుసగా వచ్చినవి. మా యింట వాక్‌మన్ లేదు. పెద్ద టేప్ రికార్డరొకటి యుండెడిది. టేపు చిక్కుపడినపుడు క్యాసెట్టు చక్రములో పెన్సిలు దూర్చి త్రిప్పుట మా యన్నదమ్ములలో ఎవరి వంతు అనుదానిపై దినమున కొక తగవు జరిగెడిది.

సీడీలో ధ్వనిని సెకనునకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయుదురు. అదియు కుడి యెడమలకు వేఱువేఱుగా. ఈ లెక్కను నాలుగు నిమిషముల పాట సుమారు 42 మెగాబైట్లగును. పై తరగతులవారు గుణించి చూచుకొనవచ్చును. ఇంత బరువైన దానిని చిన్న పెట్టెలో దాచుట యెట్లు? జర్మనీ దేశమందలి ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ మొదలగువారు, చెవికి వినబడని దానిని వ్రాసియుంచనేల యను ప్రశ్నను పట్టుకొనిరి. పెండ్లి పందిటిలో గట్టిమేళము మ్రోగుచుండగా ప్రక్కనున్నవారి గాజుల గలగల మనకు వినబడదు. గాజులు మ్రోగుట మానలేదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని కప్పివేసినది. అట్టి కప్పబడిన ధ్వనుల నేరి వదలివేయుచు పోగా అదే పాట నాలుగు మెగాబైట్లకు లోపలనే యిమిడినది. 1995లో ఆ ఫైళ్లకు ఎంపీ3 యను పేరు స్థిరపడెను. ఇట్లు వదలినది వదలినదే. ఆ ఫైలునుండి మఱల రాబట్టుటకు వీలులేదు. సంగీతజ్ఞులు కొందఱు దీనిని నిందింతురు. కిక్కిరిసిన బస్సులో నిలువబడి వినెడి నాబోటివానికి ఆ గాజుల కొఱత యెన్నడును తెలియలేదు.

1998లో కొరియా దేశపు సంస్థవారు అమ్మకమునకు దెచ్చిన ఎంపీమ్యాన్ అను పెట్టెలో 32 మెగాబైట్ల చోటుండెను. అనగా ఎనిమిది పాటలు! 2001 అక్టోబరులో ఆపిల్ వారి ఐపాడ్ 5 గిగాబైట్లతో, జేబులో వేయి పాటలను మాటతో, 399 డాలర్ల వెలకు వచ్చెను. లోకమంతయు దాని వెంట పరువెత్తినది. 2022 మే నెలలో ఆ సంస్థవారే యిక ఐపాడ్లను చేయబోమని ప్రకటించిరి. సెల్‌ఫోను దానిని మ్రింగివేసినది. గడియారమును, టార్చిలైటును, కెమేరాను మ్రింగినట్లే.

నేను 2006లో కొన్న పెట్టె ఐపాడ్ కాదు. పేరు చెప్పిన నెవరికిని తెలియని చవుక వస్తువు. దానిలోని చోటు 512 మెగాబైట్లు. నూట ఇరువది పాటలు పట్టును. క్రొత్త పాట నెక్కింపవలయునన్న పాతది యొకటి తీసివేయవలయును. ఆదివారము సాయంకాలమున కంప్యూటరు ముందు కూర్చుండి, ఏది యుండవలెను, ఏది పోవలెను అని తగవు తీర్చుట నాకొక వినోదము. అట్లు మిగిలిన పాటలు నాకు కంఠస్థములైనవి. ఒక పాట ముగియునపుడు తరువాతి పాట యొక్క మొదటి స్వరము చెవిలో ముందుగనే పలికెడిది.

మా పిల్ల ఫోనులో నట్లు కాదు. స్పాటిఫై వంటి సంస్థలవారు తమ యొద్ద పది కోట్లకు పైగా పాటలున్నవని చెప్పుచున్నారు. ఆ సాయంకాలము ఆమె వినుచుండగా నేను ఊరక లెక్కపెట్టితిని (ఉపాధ్యాయులకు చెడ్డ యలవాటు). అరగంటలో పందొమ్మిది పాటలు మార్చినది. రెండు మాత్రమే తుదవఱకు సాగినవి. దీనిని జూచి కోపించుట సులభము. కాని మఱునాడు, నేను పదియేండ్లు వెదకినను దొరకని పాత నాటక పద్యమొకటి ఆ పిల్ల రెండు నిమిషములలో పట్టి నాకు వినిపించినది. రికార్డు గీరుకొన్న చప్పుడుతో సహా! మా తండ్రిగారు ఆ పద్యమును స్నానము చేయుచు పాడెడివారు. నా కన్నులు చెమర్చినవి. కావున పెద్ద భాండారమును నిందించుటకు నాకు నోరు రాదు. పిల్లలు పాటలు మార్చుచున్నారనునది చిన్న సంగతి. వయస్సు వచ్చిన కొలది నిలుకడయు వచ్చును. నాకు తోచిన పెద్ద సంగతి వేఱు. ఆ పాటలు ఎవరివి?

నెలకింత యని చందా కట్టి వినెడి పాట అద్దెయింటి వంటిది. అద్దెయింట కాపురముండుట తప్పు కాదు. దానిని సొంత యిల్లని తలంచుటయే తప్పు. చందా నిలిచిన నాడు పాట నిలుచును. ఆ సంస్థకును పాట యజమానులకును ఒడంబడిక చెడిన నాడు, చందా కట్టినను పాట కనబడదు. వెలయిచ్చి కొన్నామనుకొన్నవి సైతము కొన్నిమార్లు మనవి కాకపోయినవి. మైక్రోసాఫ్ట్ వారు కొంతకాలము పాటలకు తాళము వేసి యమ్మిరి. ఆ తాళము తీయుటకు వారి సర్వరు అనుమతి యిచ్చుచుండవలయును. క్రొత్త కంప్యూటరు కొన్నవారు మఱల అనుమతి యడుగవలయును. 2008లో, ఆ సంవత్సరము ఆగస్టు తరువాత నట్టి యనుమతి నీయజాలమని వారు ప్రకటించిరి. కొన్నవారు గగ్గోలు పెట్టగా గడువును 2011 వఱకు పొడిగించిరి. పాట యింటనే యున్నది, వెల చెల్లినది. తాళపుచెవి మాత్రము పరాయివాని మొలలో నున్నది. ఇంతకంటె వింత యేమి?

మనమే పాడి, మనమే పంపి, ఇతరుల యొద్ద దాచిన వాటి గతియు చెప్పవలయును. మైస్పేస్ అను స్థలమున 2003 మొదలు 2015 వఱకు లోకమందలి గాయకులనేకులు తమ పాటల నుంచుకొనిరి. సర్వర్లను మార్చునపుడు అవి పోయినవని 2019లో బయటపడినది. పోయినవి అయిదు కోట్ల పాటలకు పైమాటయని పత్రికలు వ్రాసినవి. వాటిలో ననేకములకు వేఱు ప్రతి లేదు.

మన చేతిలోని యంత్రములు మాత్రము చిరంజీవులా? కావు. ఇచట నొక సంగతి చెప్పకుండ నుండలేను. ఇది విన్నపుడు గణితోపాధ్యాయుడనుగా నాకు సిగ్గును నవ్వును కలిగినవి. 2008 డిసెంబరు 31వ తేదీని, జూన్ అను పాటల పెట్టెలలో 30 గిగాబైట్ల రకమునకు చెందినవి లోకమంతట నొక్కమాఱుగా మొద్దుబాఱినవి. కారణమేమన, ఆ సంవత్సరము లీపు సంవత్సరము. 366వ దినము వచ్చుసరికి దానిలోని గడియారపు లెక్క తుదిలేని చక్రములో పడి తిరుగుచుండిపోయినది. మఱునాడు బ్యాటరీ యంతయు దిగిపోయిన పిమ్మట తమంతట తామే లేచినవి. నాలుగింట భాగించి చూచుట యెందులకని యడుగు విద్యార్థులకు దీనిని ప్రతి సంవత్సరము చెప్పుచుందును.

నా నల్లపెట్టె నేల దాచితినో యిక చెప్పవలయును. దానిలో మాటలు రికార్డు చేయు మీట యొకటి కలదు. 2006 దీపావళి సెలవులకు మా యూరికి పోయినపుడు, మా యమ్మగారు వంటయింటి గడప యొద్ద కూర్చుండి బియ్యములో రాళ్లేరుచు పాడుచుండగా ఊరక ఆ మీట నొక్కితిని. ఆ నాలుగు దినములలో పదునొకండు పాటలు పోగైనవి. లాలిపాటలు, దంపుళ్ల పాటలు, ఒక అప్పగింతల పాట. అప్పగింతల పాటను ఆమె తన తల్లి యొద్ద నేర్చినది. పుస్తకములలో నేను జూడలేదు. తిరిగి వచ్చి యన్నిటిని కంప్యూటరు లోనికి మార్చితిని. కంప్యూటరులో నున్నవి గదా యని ధైర్యము. ఒక ఆదివారమున క్రొత్త సినిమా పాటలకు చోటు చాలక, పెట్టెలోని యమ్మ పాటలను తొలగింప మొదలిడితిని. నాలుగు తీసివేసితిని. ఇంతలో నెవరో పిలిచిరి, లేచి పోయితిని. మిగిలిన యేడును అట్లే యుండిపోయినవి.

2011లో మా యమ్మగారు కాలముచేసిరి. 2013లో కంప్యూటరు హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమనుట మొదలిడినది. మూడవనాటికి తెఱచుకొనలేదు. బాగుచేయువారు ఇద్దఱు ముగ్గురు చూచిరి, చేయగలిగినది లేదనిరి. వారి తప్పేమియు లేదు. అయిదారు సంవత్సరములు ఆ యొక్క డిస్కునే నమ్మి కూర్చున్నది నేను. ఏడు పాటలు మిగిలినవన్న నా జాగ్రత్తవలన కాదు, నా సోమరితనమువలన! పోయిన నాలుగింటిలో అప్పగింతల పాట యొకటి. ఆ సినిమా పాటలు నేడును ఏ ఫోనులోనైనను క్షణములో దొరకును.

ఇది యంతయు జరుగువఱకు నేను కంప్యూటరు తెలిసినవాడనని పేరుపడియుంటిని. ఆ మాట కర్థమేమో యిప్పటికిని నాకు సందేహము. మన పిల్లలకు ఫోనులో నేది యెచట నున్నదో మనకంటె బాగుగా దెలియును. వేలు కదలించిన తీరు చూచి తలిదండ్రులు మురిసిపోవుదురు. అది నేర్పు కాదనను. కాని, “మీ నాయనమ్మగారి మాటలు ఈ ఫోను చెఱువులో పడిన రేపు వినగలవా?” అని యడిగిన, తరగతిలో చేయి యెత్తువారు నలుగురైదుగురు. నేను అడిగి చూచితిని. ఆ మిగిలిన పిల్లల ఫోనులలో మామ్మలు, తాతలు వాట్సాప్‌లో పంపిన మాటలున్నవి. ఫోను మాఱినప్పుడల్లా కొన్ని జాఱిపోవుచున్నవి. వేలకు వేలు పోసి ఫోను కొనెడి తలిదండ్రులు, దానిలోని వాటికి నకలు తీయుటకు హార్డ్‌డిస్కొకటి కొనుమన్న, “ఇప్పుడేల?” అందురు. బీరువాలోని పట్టుచీరకు మడత మార్చి, వేపాకు పెట్టి కాపాడుకొను గృహిణులు ఈ విషయమును ఎవరును చెప్పకయే గ్రహింతురని నా నమ్మకము.

నేనిప్పుడు చేయుచున్నది యిది. కొనదగిన పాటలను కొందును, అద్దెకు వినదగిన వాటిని అద్దెకు విందును. అంగట దొరకనివి, అనగా మనవారి గొంతులు, వీటిని మూడు చోట్ల నుంచితిని. ఒకటి కంప్యూటరులో, ఒకటి దానినుండి విడదీసి బీరువాలో నుంచిన డిస్కులో, ఒకటి మా యన్నగారి యింట. ఇంటర్నెట్టులో దాచుటయు మంచిదే, కాని దానిని నాలుగవదిగా లెక్కింతును. పెన్‌డ్రైవును చిరకాలము నమ్మను. ఏ యంత్రమైనను తెఱువగల సాధారణపు ఫైళ్లుగానే యుంచుదును. తాళము గల వాటిని దగ్గఱకు రానీయను. సంవత్సరమున కొకమాఱు ప్రతిదానిని తెఱచి విని చూతును, ఏలనన వినని నకలు నకలని చెప్పుటకు వీలులేదు. ఫైళ్లకు పేర్లు పెట్టుటలో మాత్రము ఇంకను బద్ధకస్థుడనే. “న్యూ ఫోల్డర్ 3” అను పేరుగల సంచులు నా కంప్యూటరులో నెన్ని యున్నవో చెప్పుటకు సిగ్గగుచున్నది.

కొనదగిన పాటలను కొందునంటిని గదా. పూర్వము కొనలేదు. మెమొరీ కార్డు నిచ్చిన, పది యిరువది రూపాయలకు దానినిండ పాటలు పోసి యిచ్చు దుకాణములు మన ప్రతి పట్టణపు బస్టాండు వీథిలోను ఉండెడివి. నేనును పోయించుకొంటిని. పాడినవానికి గాని, వ్రాసినవానికి గాని దానిలో దమ్మిడీ ముట్టలేదు. ఆనాడు ఆ యాలోచనయే రాలేదు. నేడు పిల్లలకు నీతి చెప్పబోవునపుడు ఆ దుకాణము జ్ఞాపకమునకు వచ్చి గొంతు కొంత తగ్గించుకొందును.

మా పిల్ల ప్రశ్నకు నేను ఆనాడు చెప్పినది, “దీనిలో మీ నాయనమ్మ యున్నది” అని. ఆమె మఱేమియు మాటలాడక తీగ కొఱకు వెదకెను. బ్యాటరీ యేనాడో చచ్చినది. కంప్యూటరునకు తగిలించిననే పెట్టె మేలుకొనును. ఏడు పాటలను తన ఫోనులోనికిని, వాళ్ల నాయనగారి కంప్యూటరులోనికిని ఎక్కించుకొనెను. తరువాత పేర్లు పెట్టుదమని కూర్చున్నది. అవి కేవలము అంకెలతో నుండెను. ఒక్కొక్కటి వినిపించి, “ఇది యే పాట బాబాయీ?” అని యడిగెను. ఆఱింటికి చెప్పగలిగితిని. ఏడవది నాకు తెలియలేదు.

అంతట మా యక్కగారికి ఫోను చేసితిమి. పిల్ల తన అత్తయ్యగారికి రెండు చరణములు వినిపించెను. అవతల కొంతసేపు చప్పుడు లేదు. పిమ్మట ఆమె, “అది నూర్పిళ్లనాడు పాడేది కదా, అమ్మ సగములో ఆపేసింది” అని మిగిలిన సగమును పాడినది. పిల్ల తెలివైనది, నేను చెప్పకమునుపే రికార్డు మీట నొక్కియుండెను. అప్పగింతల పాటను గూర్చి నేనడుగగా, మొదటి రెండు చరణములు వచ్చును, తరువాతివి పాడబోయిన కలిసిపోవునని చెప్పినది. దసరా సెలవులలో నేనును పిల్లయు ఆమె యొద్దకు పోవుటకు నిశ్చయించుకొంటిమి. మా మేనత్తగారొకరు ఆ ప్రక్కయూరనే యున్నారు. ఆమెకు ఎనుబది దాటినవి. ఆమెకు తక్కినవి జ్ఞప్తి యుండవచ్చునని మా యక్కగారి యాశ.

ఇప్పుడు మా యొద్ద ఎనిమిది ఫైళ్లున్నవి. ఎనిమిదవదానిలో, అక్కగారు పాడుచుండగా వెనుక నెవరో గిన్నె జాఱవిడిచిన చప్పుడు వినబడును. ఆ చప్పుడును తీసివేయగలనని పిల్ల యనెను. ఉంచుమని చెప్పితిని.